మల్లేశ్ కప్పిన శాలువా

ఎడారి దేశంలో మన వలస కూలీలుండే అల్ ఖూజ్ క్యాంపులో ఖాదర్ హుస్సేన్ రాజ్యం ఏడేళ్లు సాగింది. క్యాంప్ బాస్ అతనే. ఒంట్లో బాగాలేనివాణ్ణి దవాఖానకు పంపే చీటీ అతని చేతిలో ఉండేది. చీటీ అడిగినవాణ్ణి ముందు వాకిట్లో ఎండలో నిలబెట్టేవాడు. మధ్యాహ్నం దాకా నిలబడగలిగితే జబ్బు లేదనేవాడు, పడిపోతే నటన అనేవాడు. అడకత్తెరలో పోకచెక్క బతుకు.

2022 జూన్‌లో ఒక పొద్దున జగిత్యాల మల్లేశ్ పనికి పోయే బస్సెక్కనన్నాడు. టైల్స్ వేసే మనిషి, మాటకారి కాడు. ముందురోజు తన గదివాడు ఆ వాకిట్లో పడి ప్రాణం వదలడం కళ్లారా చూశాడు, అంతే. అతని వెనక మూడు వందల మంది నేలమీద కూర్చున్నారు. మూడో రోజు కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, దిగివచ్చి ఖాదర్‌ను పీకేశాడు. మీలోంచే ఒకణ్ణి పెట్టుకోండి అన్నాడు.

మనవాళ్లకు గెలుపంటే సన్మానమే కదా. మల్లేశే ప్రభుదాస్ పేరు చెప్పాడు. అమలాపురం వైపు మనిషి, ఎవరికి జ్వరమొచ్చినా గంజి కాచి ఇచ్చే చెయ్యి, ప్రార్థనలో కన్నీళ్లు పెట్టించే గొంతు. శాలువా దొరక్క మల్లేశ్ తన కొత్త దుప్పటే తెచ్చి అతనికి కప్పాడు. ఎండలో నిలబెట్టడం ఇక ఉండదని రాయించుకుందామా అని ఒకరిద్దరు గొణిగారు. మంచివాణ్ణి కూర్చోబెట్టి కాగితం అడిగితే ఏం బాగుంటుంది అన్నాడు మల్లేశ్. ఆ మొహమాటమే కొంప ముంచింది.

రెండు నెలలు అడిగినవాడికల్లా చీటీ దొరికింది. తర్వాత పనికి మనుషులు తగ్గుతున్నారని ముదీర్ గదమాయించాడు. ప్రభుదాస్ అప్పటికే ఏసీ గది రుచి మరిగాడు. వాకిట్లో మళ్లీ మనిషి నిలబడ్డాడు.

మరుసటి వేసవిలో ఆ మనిషి మల్లేశ్.

“అన్నా, నడుము గుంజుతుంది. మూత్రంల నెత్తురు పడ్డది. జర దవాఖానకు పంపు.”

“నిన్ను పంపితే రేపు అందరూ వత్తారు తమ్ముడూ. నన్ను కూర్చోబెట్టింది నువ్వే కదా, నా పరువు నువ్వే తీత్తావా?”

ప్రేమగానే అన్నాడు, దుర్మార్గుడు. మల్లేశ్‌కు కోపం రాలేదు, సిగ్గేసింది. వెళ్లి నిలబడ్డాడు. పదకొండింటికి పడ్డాడు, ఇక లేవలేదు.

ముదీర్ వచ్చేలోగా ప్రభుదాస్ తను రోజూ ఏసీ గదిలో కప్పుకునే ఆ సన్మానపు దుప్పటే తెచ్చి శవం మీద పరిచాడు. మోకరిల్లి ప్రార్థించాడు. ఆ గొంతుకు నలుగురు ఏడ్చారు కూడా.

మర్నాడు జబ్బు చేసినవాళ్లు ఎవరని ప్రభుదాస్ అడిగితే ఒక్కడూ ముందుకు రాలేదు. పక్క గది నాగేంద్రబాబు నూటమూడు జ్వరంతో బస్సెక్కి, వాకిలి కనబడకుండా కిటికీ పరదా లాక్కున్నాడు.