నా గొంతు వినిపిస్తే

మా అక్క మనుషులకు విమానం నడపడం నేర్పుతుంది. ఈ మాట చెప్పగానే జనం నల్లకళ్ళద్దాలు, మెడలో రంగు రుమాలు ఊహించుకుంటారు. అసలు మనిషి మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన ప్యాంటుతో, గోళ్ళ సందుల్లో నూనె మరకలతో ఉంటుంది. కూలి డబ్బులకు బదులు పాఠాలు చెప్పించుకుంటూ, విమానాలు కడిగి ఎగరడం నేర్చుకుంది. "నేనో, ఆ డొక్కు విమానమో తేల్చుకో" అని బావ అన్నప్పుడు తేల్చుకోవడానికి ఆమెకు ఎక్కువ సేపు పట్టలేదు. అప్పట్నుంచి షెడ్డు వెనక గదిలో అక్కా, నేనూ ఉంటున్నాం. పెట్రోలు పోయడం నా పని.

మా మైదానానికి కంట్రోల్ టవర్ లేదు. కట్టిస్తామంటూ పెద్దమనుషులు కార్లలో వస్తారు, కొలతలు తీసుకుంటారు, ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. వాళ్ళు విమానం ఎక్కేది వేరే చోట. ఇక్కడ దిగేవాడు తానెక్కడున్నదీ రేడియోలో తానే చెప్పుకోవాలి, పక్కవాడు చెప్పేది వినాలి, కళ్ళతో వెతుక్కోవాలి. పోలీసు లేని కూడలిలో బళ్ళు పోయినట్టే. కాకపోతే గాల్లో ఆగి దారి ఇవ్వడం కుదరదు.

శిష్యుడు మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజున గురువు రేడియోలో నోరు మెదపకూడదని మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. మెదిపితే ఆ ఎగరడం లెక్కలోకి రాదు. దీనికి అక్క తన షరతు ఒకటి తగిలించింది. "నేను మాట్లాడానంటే కొంప మునుగుతోందని అర్థం. నా గొంతు వినిపిస్తే ఏమన్నానో కూడా ఆలోచించొద్దు. ఇంజన్ పిడి పూర్తిగా ముందుకు తోసి పైకి లేచిపోండి." నెలల తరబడి ఇదే నూరిపోసేది. దిగబోయే క్షణంలో పక్క సీట్లోంచి ఉత్తినే కేకేసేది. శిష్యుడి చెయ్యి తనంతట తాను ముందుకు పోకపోతే ఆ పూటంతా తిట్లే.

ఆ రోజు పళ్ళ డాక్టరుగారి వంతు. యాభైకి దగ్గర పడ్డ మనిషి. నీలం విమానం ఎక్కుతూ అక్కతో అన్నాడు: "పొద్దస్తమానం అందరి చేతా నోరు తెరిపించేవాణ్ణి. ఇవాళ మీరు నోరు మూసుకుంటే గానీ నేను పాసవ్వను."

"ముందు మీ విమానం తలుపు మూసుకోండి" అంది అక్క.

ఆయన బాగానే లేచాడు. మైదానాన్ని చుట్టి, రన్‌వేకి ఎదురుగా తిరిగి, కిందికి దిగడం మొదలుపెట్టాడు. అక్క చేతి రేడియో పట్టుకుని రన్‌వే అంచున నిలబడింది. పక్కన నేను. మెకానిక్ బాబాయి స్టూలు మీద కూర్చుని స్క్రూలు కిరసనాయిల్లో కడుగుతున్నాడు. దిగుతున్నానని డాక్టరుగారు చెప్పాల్సిన సమయం వచ్చింది. రేడియోలో మాటకు బదులు కీచుమన్న మోత వినిపించి ఆగిపోయింది.

అక్క గబుక్కున ఆకాశం వైపు చూసింది. ఇద్దరు ఒకేసారి మీట నొక్కి మాట్లాడితేనే ఆ మోత వస్తుంది. కింద ఉన్నవాళ్ళకు కీచు వినపడుతుంది. మాట్లాడిన ఇద్దరికీ ఏమీ వినపడదు, తాము చెప్పేశామనే అనుకుంటారు.

రెండోవాడి కోసం వెతికాం. నీలం విమానానికి పైన, కాస్త వెనగ్గా ఒక తెల్ల విమానం. చుట్టూ తిరగకుండా దూరం నుంచి నేరుగా వచ్చేస్తోంది. దాని రెక్కలు కింద ఉన్నాయి, కాబట్టి తన కింద ఏముందో వాడికి కనపడదు. నీలందానికి రెక్కలు నెత్తిమీద, కాబట్టి పైన ఏముందో డాక్టరుకు కనపడదు. ఇద్దరూ ఒకే నేల మీదికి దిగుతున్నారు. తెల్లది వేగంగా దిగుతోంది.

అక్క రేడియో నోటి దగ్గరకు తెచ్చి, మీట మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

"మాట్లాడక్కా" అన్నాను.

"నేను మాట్లాడితే ఆయన పైకి లేస్తాడు."

అప్పటికి గానీ నాకు బుర్రకెక్కలేదు. పైకి లేస్తే నేరుగా తెల్లదాని పొట్టలోకే. తెల్లవాణ్ణి పిలిచినా ఆయన చెవిలో పడేది ఆ గొంతే. చెయ్యి ఆలోచించదు. ఆలోచించకుండా చేసింది ఈవిడే.

నా గొంతు కూడా అచ్చం ఆమెదే కాబట్టి, అక్క రేడియోను బాబాయి ఒళ్ళో పడేసింది. "నువ్వు మాట్లాడు బాబాయ్. తెల్లవాణ్ణి పైకి లేచి కుడికి పొమ్మను."

"నాకు రేడియోలో మాట్లాడ్డం రాదే అమ్మాయ్."

"నన్ను తిట్టేటప్పుడు వస్తుందిగా. అలాగే మాట్లాడు."

బాబాయి తడి వేలితో మీట నొక్కాడు. "ఓ తెల్ల విమానం బాబూ, నీ పొట్ట కింద ఇంకో మనిషి దిగుతున్నాడు. పైకి లేచి కుడికి పో."

"ఎవరు మాట్లాడేది?" అంది రేడియో, ఆఫీసరు ధోరణిలో.

"మీ తాతను. ముందు పైకి లే."

రెండు విమానాల మధ్య ఇప్పుడు తాటిచెట్టు నిలబెట్టే ఎడం కూడా లేదు. అక్క రెండు చేతులతో తన నోరు తానే మూసుకుంది. "నీలందాన్ని కదలొద్దని చెప్పు" అని వేళ్ళ సందుల్లోంచి అంది.

"డాక్టరూ, మీరు కదలకండి. మీ దారిన మీరు దిగండి, మీకేం కాలేదు."

తెల్ల విమానం ముక్కు నెమ్మదిగా పైకి లేచింది. ఇంజన్ గట్టిగా మోగింది. అది కుడివైపు ఒరిగి మా షెడ్డు మీదుగా పోయింది. నీలం విమానం చక్రాలు నేలను తాకి, ఒకసారి గెంతి, నిలిచాయి.

డాక్టరుగారు నవ్వుతూ దిగాడు. "ఎలా దిగాను మేడం? ఆ తెల్లవాడెవడు, తాతగారు తెగ తిడుతున్నారు?"

"బాగా దిగారు" అని, అక్క జరిగిందంతా చెప్పింది. ఏదీ దాచలేదు.

ఆయన విమానం తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "మీరు పిలిచి ఉంటే లేచేవాణ్ణి. నిజంగా లేచేవాణ్ణి."

"నేనే నేర్పాను. ఇక ఒక్కటే గుర్తుపెట్టుకోండి. నా గొంతు కాదు, నేను చెప్పే మాట వినండి. లెమ్మంటే లేవండి, దిగమంటే దిగండి."

"చేతికి అలవాటైపోయింది మేడం. అంత తేలిగ్గా పోదు."

"పోయేదాకా మిమ్మల్ని ఒంటరిగా పంపను. మాట్లాడింది బాబాయైనా మాటలు నావే, ఇవాళ్టిది లెక్కలోకి రాదు."

"మీరు నోరు మెదపలేదుగా" అన్నాడాయన చిన్నబోయి. మళ్ళీ ఆయనే అన్నాడు: "నేనొక్కణ్ణే కాదు కదా. మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా ఇక్కడే దిగుతుంటారు."

చీకటి పడేదాకా అక్క రేడియో ముట్టుకోలేదు. వచ్చే విమానాలకు గాలి ఎటు ఉందో బాబాయి చేతే చెప్పించింది. ఆయన అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాడు. అక్క షెడ్డు గడప మీద కూర్చుని పాత శిష్యులకు వరసగా ఫోన్లు చేసింది. కొందరు ఎత్తలేదు. ఎత్తిన మొదటివాడు లారీల కంపెనీలో గుమాస్తా. అంతా విని పగలబడి నవ్వాడు.

"ఇప్పుడు కూడా మీ గొంతు వినగానే నా చెయ్యి ముందుకు పోయింది మేడం. టేబుల్ మీద టీ గ్లాసు పడిపోయింది."

అక్క నవ్వలేదు. "రేపు పొద్దున్నే రా. నేను పక్కన కూర్చుంటాను. ఫీజేమీ వద్దు" అంది. ఫోను పెట్టేసి, తరవాతి పేరు వెతుక్కుంది.