జింక కోసం ఆగిన సాంచెలు

ఆ రోజుల్లో మా సిరిసిల్లలో నిశ్శబ్దం అంటే కరెంటు పోవడమే, వేరే అర్థం లేదు. మరమగ్గాలను మేం సాంచెలు అంటాం. ఇంటింటికీ సాంచెలే, పొద్దస్తమానం టకటక టకటక. కొత్తగా వచ్చిన చుట్టం ముందు చెవులు మూసుకుంటాడు, తర్వాత తల పట్టుకుంటాడు, వెళ్ళేనాటికి మాలాగే అరిచి మాట్లాడడం నేర్చుకుంటాడు. (ఇప్పటికీ నేను ఫోను చేస్తే అవతలివాళ్ళు చెవికి దూరంగా పట్టుకుంటారట. ఫోను వాళ్ళది, చెవి వాళ్ళది, నాకేం?) మా పిల్లలు ఆ చప్పుడులోనే పుట్టి ఆ చప్పుడులోనే నిద్రపోయారు. సాంచె పక్కన పాత చీరతో జోలె కట్టి పడుకోబెడితే చాలు, జోలపాట అక్కర్లేదు. సాంచె ఆగిందంటే మాత్రం ఉలిక్కిపడి లేచి గుక్కపెట్టేవాళ్ళు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నా తల్లిగారిల్లు కోరుట్ల. బడికి పోయింది కొన్నాళ్ళే, ఆ తర్వాత నా చదువంతా దారం మీదే. సిరిసిల్లకు కోడలిగా వచ్చాక నా పని కండెలు చుట్టడం. అంటే సాంచెకు కావలసిన దారాన్ని చిన్న చిన్న కడ్డీలకు చుట్టి అందించడం. తెగిన దారప్పోగును కూడా పారేసేదాన్ని కాదు, ముడేసి ఉంచి బొంత కుట్టేదాన్ని. అందుకని వాడలో నాకు 'పిసిని కోడలు' అని పేరు పెట్టారు. ఎగతాళికే పెట్టారు కానీ నేను మెచ్చుకోలు అనుకునే తీసుకున్నాను. సాంచె ఊరికే ఆగితే నాకు ప్రాణం పోయినట్టుండేది. మా ఆయన బీడీ తాగడానికి సాంచె ఆపితే, బీడీ ఆరేదాకా నా చూపు ఆయన మీదే ఉండేది. పాపం, ఆ మనిషి కొన్నాళ్ళకు బీడీయే మానేశాడు.

అలాంటి ఒక ఎండాకాలం పొద్దున వాకిట్లో కండెలు చుడుతుంటే కుక్కల అరుపు వినిపించింది. చూస్తే ఒక చుక్కల జింకపిల్ల, వెనక కాలు ఈడ్చుకుంటూ మా సందులోకి వచ్చిపడింది. అడవిలో నీళ్ళెండిపోతే జింకలు ఊరి దాకా వచ్చే కాలం అది. నేను చీపురుకట్ట తీసుకుని లేచాను. నా చీపురుకట్ట సంగతి వాడ కుక్కలకు ముందే తెలుసు, అవి వచ్చిన దారినే పోయాయి. జింకపిల్లను చేతుల మీద ఎత్తుకుంటే దాని గుండె నా మోచేతికి కొట్టుకుంటోంది. అప్పుడే అనుకున్నాను, ఇది నా వాకిట్లోకి వచ్చింది, ఇది చావకూడదు.

క్షణంలో వాడంతా పోగైంది. ఒకావిడ పసుపు తెచ్చింది, ఇంకొకావిడ సీసాలో పాలు తెచ్చింది. పక్కింటి మామ ఉన్నాడే, ఆయన్ను మేమంతా మైకు మామ అనేవాళ్ళం, ఆయన గుసగుసగా చెప్పిన మాట కూడా పక్క సందుకు చేరేది. ఆయన జింకను చూసి మీసం తుడుచుకుని, "కోడలా, మసాల నూరు. ఇయ్యాల అందరికి మనింట్లనే దావత్!" అన్నాడు.

"మామా, దీని మీద చెయ్యేస్తే పోలీసులు నిన్ను తీస్కపోతరు. గా పోలీసుల్ని నేనే పిలుస్త," అన్నాను.

"నవ్వులాటకన్న, గంతకే గట్ల గరమైతవేంది?" అని ఆయన వెనక్కి జరిగాడు.

ఇక నా తెలివి చూడండి. జింకపిల్ల వణికిపోతోంది. వణికే పిల్లను ఏం చేయాలి? పడుకోబెట్టాలి. పిల్లను ఎక్కడ పడుకోబెడతాం? సాంచె పక్కన! మా అత్తమ్మ కూడా, "గట్లనే చెయ్యి బిడ్డా, సప్పుడుకు సల్లగ పంటది," అంది. తీసుకెళ్ళి రెండు సాంచెల నడుమ బొంత మీద పడుకోబెట్టాం. పడుకుంటుందా! కళ్ళు తేలేసింది, నోట్లోంచి నురగ వచ్చింది, ఒక్క తన్ను తన్నితే నేను పొద్దున్నుంచి చుట్టిన కండెల బుట్ట గోడకు తగిలింది. "ఏందే, దీనికి నిద్ర రాదా?" అని మా అత్తమ్మ తెల్లబోయింది. సిరిసిల్లలో పుట్టని పిల్లకు సాంచె చప్పుడు జోలపాట కాదని మాకెవ్వరికీ తోచలేదు.

ఇంతలో బట్టల దుకాణంలో ఉన్న ఫోను నుంచి అటవీ ఆఫీసుకు మాట్లాడి మా ఆయన పరుగున వచ్చాడు. "సార్లు జీపేస్కోని వస్తున్నరట. గప్పటిదాంక పాలు పొయ్యద్దట, పసుపు పెట్టద్దట, ఊకూకె ముట్టద్దట. కండ్లకు బట్ట కప్పి చీకట్ల ఉంచాలెనట. మనుషుల్ని జూస్తెనే దాని గుండె ఆగుతదట." అక్కడ ఆగి, నా మొహం చూడలేక నేల చూస్తూ చెప్పాడు: "ఇంకోటి. సప్పుడు జెయ్యద్దట."

సిరిసిల్లలో చప్పుడు చేయొద్దట!

నేను లోపలికి వెళ్ళాను. జింకపిల్ల డొక్కలు కొలిమితిత్తిలా ఎగిరిపడుతున్నాయి. ఇంకాసేపు ఇట్లాగే ఉంటే అది బతకదని చదువుకోని నాకే అర్థమైంది. గోడ మీది స్విచ్చు కింద నిలబడ్డాను. నా చేత్తో ఎన్నడూ ఆపని సాంచెలు. గట్టిగా ఊపిరి పీల్చి కిందికి గుంజాను. మా ఇల్లు ఆగింది కానీ సందంతా ఇంకా టకటకమంటూనే ఉంది. బయటికి వచ్చి నడుముకు కొంగు చుట్టి, "అందరు సాంచెలు బంద్ పెట్టున్రి!" అని కేకేశాను.

"ఆర్డర్ బట్ట ఎవలిస్తరు, నువ్విస్తవా?" అని మైకు మామ మీది మీదికి వచ్చాడు. అంతలోనే మా ఇంట్లో చప్పుడు లేదని ఆయన చెవికి తట్టింది. తల లోపలికి పెట్టి చూసి, మెల్లగా బయటికి వచ్చాడు. "పిసిని కోడలే బంద్ పెట్టింది రోయ్!" అన్నాడు, ఏదో గ్రహణం పట్టినట్టు. ఆ మాట ఒక్కటే చాలింది. ఒక్కో ఇల్లే ఆగుతూ ఆగుతూ చివరికి సందు చివర పిచ్చుకల కిచకిచ కూడా వినిపించింది.

అదెంతసేపు? సందులో ఉన్న పసిపిల్లలంతా ఒక్కసారే లేచారు. ప్రతి జోలెలోంచీ ఒక్కో కేక! సాంచెలే నయం అనిపించింది. లోపల జింక మళ్ళీ తన్నుకుంటోంది. "పిల్లలనెత్తుకోని పక్క సందుకు పోన్రి, ఆడ సాంచెలు నడుస్తున్నయి!" అన్నాను. తల్లులందరూ జోలెలు విప్పి, పిల్లలను భుజాన వేసుకుని, జాతరకు పోయినట్టు బారుగా పోయారు. పక్క సందు టకటక చెవిన పడగానే పిల్లలు ఒకరి తర్వాత ఒకరు తలలు వాల్చేశారట. మైకు మామను సందు మొదట్లో కాపలా పెట్టాను. ఆయన నోటి మీద వేలు పెట్టుకుని వచ్చేపోయేవాళ్ళందరికీ "సప్పుడు జెయ్యకున్రి" అని గుసగుసగా చెప్పాడు. అది మాకు ఇంట్లోకి వినిపిస్తూనే ఉంది.

నేను మాత్రం నా ట్రంకుపెట్టె తెరిచి, పెళ్ళినాటి కొత్త తువ్వాల తీశాను. వాడితే అరుగుతుందని అప్పటిదాకా మడత విప్పలేదు. దాంతో జింక కళ్ళు కప్పి, తలుపు చేరవేసి, గడప బయట కూర్చున్నాను. లోపల ఊపిరి మెల్లమెల్లగా కుదురుకోవడం వినబడింది. సాంచె చప్పుడు కాకుండా నేను అంత శ్రద్ధగా విన్నది అదొక్కటే.

జీపు వచ్చింది. దిగిన సారు సందంతా చూసి టోపీ తీసి, "ఏంది తల్లీ, ఎవలన్న పోయిండ్రా?" అని మెల్లగా అడిగాడు. సంగతి చెప్తే నమ్మలేక మైకు మామ వైపు చూశాడు, ఆయన నోటి మీద వేలు ఇంకా తీయలేదు. జింకను జీపులోకి ఎక్కించారు. అప్పుడు గుర్తొచ్చింది. వెనక పరుగెత్తి, "సారూ, నా తువ్వాల!" అన్నాను.

"ఇప్పుడు తీస్తే బెదురుతది తల్లీ."

"గట్లయితే ఉండనీయ్. కని మల్ల తెచ్చియ్యాలె, మర్చిపోవద్దు!"

వాడంతా నవ్వింది. మా ఆయన మొహం దాచుకున్నాడు. వానలు పడ్డాక ఒకరోజు ఆ సారే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఉతికి మడతపెట్టిన తువ్వాల నా చేతిలో పెట్టాడు. "కాలు అతికింది. అడవిల ఇడిసినం. ఎనకకు మల్లి సూడలే తల్లీ, ఒక్కటే ఉరుకుడు," అన్నాడు. పోతూ పోతూ ఇంకో మాట కూడా చెప్పాడు: దెబ్బ లేకుండా గడ్డిలో ఒంటరిగా పడుకున్న జింకపిల్ల కనబడితే అనాథ అనుకుని ఎత్తుకోవద్దు, తల్లి మేతకు పోయి ఉంటుంది, వస్తుంది. ఈ మధ్య మల్లాపూర్ దగ్గర మక్కచేనులో అట్లాంటి పిల్ల కనబడిందని మా మనుమరాలు ఫోను చేస్తే, "ఫోటోలు బంద్ చేసి దూరం జరుగు. దాని తల్లి నిన్ను జూసి ఆగింది," అన్నాను. సాయంత్రానికి తల్లి వచ్చి తీసుకుపోయిందట. ఇంటికి వచ్చినప్పుడు, నాకెట్లా తెలుసని అడిగింది. తువ్వాల తీసి చూపించాను. ఇప్పటికీ వాడలేదు.

ఇప్పుడు మా సందులో చాలా సాంచెలు ఆగిపోయాయి, ఎవరూ ఆపమని అరవకుండానే. మధ్యాహ్నం పూట పిచ్చుకలు తప్ప చప్పుడు లేదు. నాకు నిద్ర పట్టడం లేదని గ్రహించి మనుమరాలు ఎక్కడో సాంచె చప్పుడు పట్టి తెచ్చి, ఫోనులో పెట్టి నా దిండు పక్కన ఉంచింది. "చార్జింగ్ దండుగ!" అని కసిరాను. ఇంకేదో అనబోయాను కానీ, అప్పటికే నిద్రపోయానట.