నాగరత్నమ్మ పాపిట

ప్రొద్దుటూరులో నాగరత్నమ్మ నూనె అంటే ఆడవాళ్లకు గురి. భర్త సీతాపతి గుడిలో అర్చకుడు. ఆవిడ గుంటగలగరాకు రసం పోసి నువ్వులనూనె కాచి, కొనవచ్చినవాళ్లను వసారాలో కూర్చోబెట్టి తానే తలంటేది. తలంటడం అయ్యాక మైల పోవడానికి తాను స్నానం చేసేది. ఆచారం ఆచారమే, చేతులు మాత్రం అందరి తలల మీదా ఒక్కలాగే నడిచేవి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏట ఆవిడ పాపిటే వెడల్పవడం మొదలైంది. జుట్టుకు నూనె అమ్మే మనిషికే జుట్టు లేదంటే ఇంకేముంది, పరువు గంగలో కలిసినట్టే. నెత్తిన కొంగు కప్పుకుంది. పూటకోసారి తన నూనె తానే పట్టించింది. దిండ్లు జిడ్డు కావడం తప్ప ఏమీ జరగలేదు.

చివరికి జమ్మలమడుగు బస్సెక్కి ఒక డాక్టరమ్మకు చూపించుకుంది.

"మీ అమ్మకూ ఇంతేనా?"

"ఇంతే. నడినెత్తిన పలచబడింది."

"వంశంలో వచ్చేదమ్మా. దీనికి మందు లేదు. నూనెతో జుట్టు మెత్తబడుతుంది గానీ పోయింది రాదు. ఒంటికి ప్రమాదమేం లేదు, దిగులు పడొద్దు."

అలా చెప్పడానికేం, డాక్టరమ్మ జడ బారెడుంది మరి.

తిరిగొచ్చేసరికి వసారాలో చాపాడు గంగులమ్మ కూర్చుని ఉంది. గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి, నెలకోసారి వస్తుంది. బస్సు గాలికి జారిన కొంగు నాగరత్నమ్మ సర్దుకోనేలేదు.

"ఏందమ్మా ఇది? మా జుట్లు పెంచనీకి నీ జుట్టు సత్తువంతా నూనెలో పోస్తాండావా?" అంది గంగులమ్మ.

పక్కనున్న ఆడవాళ్లు అది నిజమేననుకుని చెంపలేసుకున్నారు. వారంలో ఊరంతా పాకింది. పులివెందుల నుంచి కూడా మనుషులు రాసాగారు.

నాగరత్నమ్మ రెండు రోజులు నవ్వుకుంది. మూడో రోజు నవ్వు రాలేదు. గంగులమ్మ పాపిటా తనలాగే వెడల్పవుతోందని ఆవిడ వేళ్లకు తెలుసు. ఆశపడి అంతదూరం నుంచి వచ్చే మనిషిని ఎన్నాళ్లు మభ్యపెట్టడం? చెబితే మళ్లీ రాదేమో, ఇంకెవరూ రారేమో.

మరుసటి నెల గంగులమ్మ రాగానే అందరి ముందూ కొంగు తీసేసింది. "గంగులమ్మా, నాదీ నీదీ ఒకటే తంటా. మన అమ్మల దగ్గర్నుంచి వచ్చింది. పోయిన జుట్టు ఈ నూనెకు రాదంట, డాక్టరమ్మ చెప్పింది. ఇన్నాళ్లూ నేనూ వస్తుందనే అనుకుంటి."

పులివెందుల వాళ్లు సీసాలు కింద పెట్టేశారు. ఒకరొకరే లేచారు. గంగులమ్మ మాత్రం కదల్లేదు.

"రాదని నాకు తెలీదా ఏంది? నాలుగేండ్ల నుంచి వస్తాండా, ఒక్క ఎంటిక మొలిచిందా? ఆ పొద్దు ఎగతాళికి ఆ మాటంటి, వీళ్లు నమ్మినారు. నా నెత్తిన గంప పెట్టేటోళ్లు శానామంది ఉండారమ్మా, చెయ్యి పెట్టేటోళ్లు యాడుండారు? నువ్వొక్కదానివే. కానియ్, నూనె అంటు."

నాగరత్నమ్మ అరచేతిలో నూనె పోసుకుంది.