జయానందం లాగి చూసిన పడవ

మా జయానందానికి వైరు కనబడితే లాగి చూడాలి. అది ఎవరిది, ఎక్కడిది అన్న పట్టింపే లేదు. మెదక్‌లో నా ఎలక్ట్రికల్ షాపుకు ఎదురుగానే అతని రిపేరు దుకాణం. కాబట్టి ఈ రోగాన్ని ఊళ్లో అందరికంటే ఎక్కువగా భరించినవాణ్ణి నేనే.

మా బావమరిది పెళ్లికి పిలిస్తే, మండపం పక్కనుంచి పోతూ పోతూ మైకు వైరు లాగాడు మహానుభావుడు. పంతులుగారి మంత్రం టక్కున ఆగింది. ముహూర్తం వచ్చేసిందనుకుని బ్యాండువాళ్లు వాయించేశారు. పెళ్లికొడుకు కంగారులో తాళి కోసం వెతుక్కున్నాడు. నేను కోప్పడితే, గట్టిగా ఉంటే ఊడేది కాదు కదా అని నన్నే తప్పుపట్టాడు. అప్పట్నుంచి మావాళ్లు అతన్ని ఏ శుభకార్యానికి పిలిచినా కరెంటు లేని మూల చూసి కూర్చోబెడతారు.

మా ఊరి చెరువు దగ్గరుండే ఐలవ్వకు ఒక పాత మోటారు పడవ ఉంది. చెరువు చూడవచ్చినవాళ్లను అందులో తిప్పుతుంది, అదే ఆమె బతుకుదెరువు. మొన్న వానాకాలం ఒక సాయంత్రం చెరువు నడుమకు పోయాక, పడవలో చేరే నీళ్లను తోడిపోసే పంపు ఆగిపోయింది. పాపం, ఒంటరిగా బకెట్టుతో తోడుకుంటూ ఎలాగో ఒడ్డున పడింది. ఆ తర్వాత మళ్లీ పడవ ఎక్కలేదు. అమ్మేస్తానని అందరికీ చెబుతోంది.

ఈ మాట చెవిన పడగానే జయానందం పోయి పడవలో వైర్లన్నీ లాగాడు. లాగినవన్నీ చేతికొచ్చాయి. ఎవరో ఇంటి వైరు తెచ్చి, మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేశారట.

కొత్త వైరుకు నా దగ్గరికే వచ్చాడు. మంచి కంపెనీ ఇంటి వైరు తీసి చూపించాను. పక్కకు నెట్టేశాడు.

“ఇల్లు కదలదన్నా, పడవ ఊగుతనే ఉంటది. గీ ఒంటి తీగ ఊగి ఊగి విరుగుతది.”

సన్న పోగులున్నది కావాలట, అదీ కళాయి పూసిన రాగిది. చెరువు నీళ్లలో ఉప్పెక్కడిది, కళాయి దేనికయ్యా అన్నాను. ఉప్పు లేకపోయినా తేమ ఉంటుంది కదా, రాగి నల్లబడుతుందన్నాడు. చచ్చినట్టు హైదరాబాదు నుంచి తెప్పించాను. ప్రతి కొసకూ లగ్గు అనే చిన్న లోహపు గొట్టం పెట్టి, పట్టకారుతో నొక్కి, పైన తొడుగు వేసి, ఒక్కోటీ లాగాడు. ఏదీ ఊడలేదు.

అంతా అయ్యాక ఐలవ్వ చేతికి వైర్లిచ్చి ఆమెతోనూ లాగించాడు. ఆమె పళ్లు బిగబట్టి లాగింది. గట్టిగానే ఉన్నాయి. అయినా మోటారు దగ్గరికి అడుగు పడలేదు. ఒడ్డుకు దిగిపోయి నిలబడింది.

అతను వెళ్లి పడవలో కూర్చున్నాడు. నన్నూ ఎక్కించాడు. ఒక రౌండు తిప్పవా అక్కా అని అడిగాడు. కూర్చున్న మనుషుల్ని ఎలా దిగిపొమ్మంటుంది? గొణుక్కుంటూ ఎక్కింది.

చెరువు నడుమ పంపు హాయిగా నడుస్తోంది. జయానందం మాత్రం రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చెంతనే అన్ని వైర్లున్నా ఒక్కటీ ముట్టలేదు.

“ఏంది తమ్మీ, ఈత రాదా?” అంది ఐలవ్వ.

“రాదక్కా.”

“మరెందుకెక్కినవ్?”

“నేనెక్కకుంటె నువ్వెక్కవు గదా.”

ఆమె అతన్ని కాసేపు చూసింది. తర్వాత నవ్వింది. ఇక ఒడ్డుకు తిప్పుతుందని ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. ఆమె ఇంకో రౌండు కొట్టింది.