తలుపు పక్కన మూడు మంగళవారాలు

1967 జూలై 4, 11, 18. ఈ మూడు మంగళవారాలూ మా అంట్లు తోమే అవ్వ నాంపల్లిలోని పింఛను ఆఫీసుకు వెళ్లింది. మూడుసార్లూ ఆమె రాలేదనే రాసుకున్నారు. 25న కూడా హాజరు కాకపోతే దరఖాస్తు కొట్టేస్తామని మా ఇంటికి కార్డు వచ్చింది.

దరఖాస్తు రాసింది నేనే. అప్పటికి ఏడాదిగా ఆమె చేతులు వణుకుతున్నాయి. పింఛను వస్తే తప్ప మూడిళ్ల పని తగ్గించుకోలేదు.

"వెళ్లానన్నావుగా అవ్వా?"

"పోయిన అమ్మా. పొద్దుగాలనే పోయి తలుపు పక్కకు నిలవడ్డ."

"పేరు పిలిచినప్పుడు పలకలేదా?"

"నేనెట్ల పలుకుత? ఆళ్లే చూసి దగ్గరికి రమ్మంటరనుకున్న."

ఆబిడ్స్‌లో ఒక బట్టల సేటు శుక్రవారాలు ముసలివాళ్లకు శేరు బియ్యం పోసేవాడు. అక్కడ నోరు తెరిచి అడిగినవాళ్లను వెనక్కి పంపేవారు. అవ్వ ఏళ్ల తరబడి అలా మాట్లాడకుండా నిలబడి తెచ్చుకుంది. ఆఫీసులోనూ అలాగే నిలబడింది.

25న పాఠాలు చెప్పే బడిలో సగం రోజు సెలవు పెట్టి నేనూ వెళ్లాను. గుమాస్తాను అడగబోతే అవ్వ నా మోచెయ్యి లాగింది.

"జర ఊకోండ్రి, కోపం చేస్తడు."

గుమాస్తా తలెత్తి చూసి నవ్వాడు. "గీ అవ్వనా? మూడు వారాల సంది గీడనే నిలవడుతుంది. నీళ్లు పోసే మనిషనుకున్న! ఏందవ్వా, పిలిస్తే పలకవా? గిది సేటు దానం గాదు. నీకు రావాల్సింది నువ్వే అడగాలె."

మళ్లీ పేరు పిలిచాడు. అవ్వ నా మోచెయ్యి వదిలింది. తర్వాత కిటికీ దగ్గరకు జరిగింది.

"ఔ, నేనే. రాసుకోండ్రి."

నవంబరులో పింఛను వచ్చింది. అవ్వ రెండిళ్లు మానుకుని మా ఇల్లు ఉంచుకుంది. శుక్రవారాలు ఆబిడ్స్ వెళ్లడం మానేసింది. డిసెంబరు మొదట్లో గిన్నెలు బోర్లించి, చేతులు తుడుచుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"అమ్మా, నాకు నెలకు రెండు దినాలు సెలవు కావాలె."

నాకు చురుక్కుమంది. "పింఛనుతోపాటు నోరు కూడా వచ్చిందే!"

"ఔ, వచ్చింది," అని నవ్వింది.

ఆ సాయంత్రం పాత కేలండర్లు తీశాను. 1957 జనవరి నుంచి ఆమె పెట్టిన నాగాలన్నిటికీ ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. మొత్తం నలభై ఒకటి. జ్వరం, కూతురి కాన్పు, వాన అని పక్కన కారణాలు కూడా రాశాను. నేనుగా ఇచ్చిన సెలవు ఒక్కటీ కనబడలేదు.

అడిగిన రెండు రోజులూ ఒప్పుకున్నాను. కొత్త కేలండరులో వాటికి ఏ గుర్తు పెట్టాలో తెలియక చాలాసేపు పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.