రెండో సాక్షి

బంధువులందరూ ఆమెను గేటు అంటారు. చిన్నవాళ్ళకు గేటక్క, పెద్దవాళ్ళకు వట్టి గేటు. రెండు వందల పన్నెండు మంది చుట్టాలు కలిసి తమ వంశవృక్షం తయారుచేసుకునే ఈమెయిల్ లిస్టుకు ఆమే కాపలా. ఎవరు ఏ ఉత్తరం పంపినా ముందు ఆమె దగ్గర ఆగుతుంది, ఆమె సరేనంటేనే అందరికీ వెళుతుంది. ఆమె అసలు ఉద్యోగం కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీయడం. అందులో లేని నిష్ఠ జీతం బత్తెం లేని ఈ పనిలో ఉందని భర్త దెప్పుతుంటాడు.

వృక్షంలో ఏ పేరు చేర్చాలన్నా ఇద్దరు సాక్షులు కావాలి. ఇది ఆమె పెట్టిన నియమం. సాక్షి తాను కళ్ళారా చూసిన సంగతి ఒకటి రాసి, కింద తనకు ఆ మనిషితో ఉన్న వరస రాయాలి. "అంటారు", "అనుకుంటారు" చెల్లవు. ఈ దెబ్బకు పెదనాన్న ఎంతో ముచ్చటపడి చెప్పుకునే జమీందారు ముత్తాత కాస్తా ఎగిరిపోయాడు. "మా తాతకి సాక్షులేంటి, ఇది చుట్టరికమా కోర్టా?" అని ఆయన ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు. గేటు చలించలేదు. తన కొమ్మ మాత్రం మొదటిరోజే రాసేసుకుంది: అమ్మ, నాన్న, ఒక్కగానొక్క కూతురు.

లిస్టులో సందడి తగ్గినప్పుడల్లా ఆమె అందరిచేతా చిన్ననాటి ముచ్చట్లు రాయించేది. తాను రాసిన ముచ్చటకైతే జనం పడీపడీ నవ్వారు. ఏటా బడి తెరిచేముందు వాళ్ళమ్మ ఆమెను చెప్పుల షాపుకు తీసుకెళ్ళి ఒక జత కొనేది. ఆ పైన మూడు సైజులు పెద్ద జత ఒకటి తెప్పించి, అటూ ఇటూ తిప్పి చూసి, వద్దని ఇచ్చేసేది. ఏటా ఇదే తంతు. షాపువాడు వాళ్ళని గుమ్మంలో చూడగానే నిట్టూర్చేవాడు. "నాలుగేళ్ళ తర్వాత కొనే వాటిక్కూడా ఇప్పుడే బేరమాడేద్దామనుకుందేమో మా పిసినారి తల్లి" అని రాసింది గేటు. అప్పటికి అమ్మ పోయి ఏడాది.

ఆ ముచ్చట రాసిన ఐదేళ్ళకు, ఒక సోమవారం పొద్దున, ముక్కూమొహం తెలియనావిడ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది.

"నాకు యాభై ఆరేళ్ళు. పుస్తకాల బైండింగ్ పని చేస్తాను. నన్ను పెంచిన నాన్న పోయాక ఆయన పెట్టెలో ఆసుపత్రి కాగితం దొరికింది. నన్ను కన్నావిడ పేరు, ఆవిడ తండ్రి పేరు అందులో ఉన్నాయి. ఆ రెండు పేర్లూ నెట్‌లో మీ వృక్షంలో కనిపించాయి. నాకు ఇంకేమీ వద్దు. చోటుంటే నన్ను రాయండి. లేకపోతే లేదని చెప్పండి, ఇంక వెతకను."

కింద కాగితం ఫోటో ఉంది. అందులో ఉన్నది గేటు వాళ్ళమ్మ పేరు. తేదీ అమ్మ పెళ్ళికి రెండేళ్ళ ముందుది.

గేటు ఫోను బోర్లా పెట్టింది. మళ్ళీ తిప్పి చూసింది. పేరు మారలేదు.

అక్కణ్ణుంచి ఆమెకు నిలకడ లేదు. ఏడురోజుల్లో అనుమతించని ఉత్తరం దానంతటదే చెరిగిపోతుంది. చెత్త పేరుకోకుండా ఆ గడువు పెట్టిందీ ఆమే. రోజూ పొద్దున ఎనిమిదింటికి లిస్టు ఆమెకు గుర్తుచేసేది: ఒక ఉత్తరం మీకోసం ఎదురుచూస్తోంది, ఇంకా ఆరు రోజులు. ఇంకా ఐదు రోజులు. కాదనక్కర్లేదు, అవుననక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఊరుకోవడమే ఆమెకు చేతకాలేదు. బుధవారం కుడికంటి అద్దాన్ని ఎడమకంటి కొలతకు అరగదీసి పాడుచేసింది. షాపు యజమాని చేతిలో అద్దం, ఆమె మొహం మార్చిమార్చి చూసి, కొత్త అద్దం ఆమె ముందు పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

"కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటి?" అన్నాడు భర్త గురువారం.

"ఏం లేదు."

"ఏం లేకపోతే కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తారా ఎవరైనా?"

ఆయనతో చెప్పలేదు. చెప్పాలంటే ముందు కోపం తగ్గాలి. అమ్మమీద కోపం, ఇన్నేళ్ళు దాచినందుకు. ఆ బైండింగావిడమీద మరీ కోపం. యాభై రెండేళ్ళుగా తనొక్కదానికే అనుకున్న అమ్మలో ఇప్పుడు వాటా అడుగుతోందని. ఇది సిగ్గులేని ఈర్ష్య అని ఆమెకు తెలుసు, తెలిసినంత మాత్రాన తగ్గలేదు. ఆవిడకు విడిగా జవాబు రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టింది. అలా రాయడం మనిషిని పెరటిగుమ్మం దగ్గర నిలబెట్టి మాట్లాడి పంపడమే అనిపించి చెరిపేసింది. పోనీ అందరికీ వదులుదామంటే సాక్షులేరి? తన నియమం తానే తప్పితే పెదనాన్న ఊరుకుంటాడా?

ఆదివారం ఎనిమిదింటికి లిస్టు, ఈ రోజే ఆఖరు అంది. పదింటికల్లా ఆమె పిన్ని ఇంట్లో ఉంది. అమ్మ పుట్టింట్లో ఆ తరంవాళ్ళలో మిగిలింది ఆ చెల్లెలొక్కతే. పిన్ని మంచంమీద ఉతికిన బట్టలు పోసుకుని మడతపెడుతోంది. గేటు ఫోను చేతికిచ్చింది. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని చదివి, దుప్పటి ఒళ్ళోకి లాక్కుంది.

"బతికే ఉందన్నమాట" అంది.

"అయితే నిజమేనా పిన్నీ?"

"పదకొండు రోజులు మా దగ్గరుందే. నేనే ఎత్తుకునేదాన్ని, నాకప్పుడు పదహారు. మీ అమ్మ చేతికి మాత్రం ఇవ్వనిచ్చేవాళ్ళు కాదు మా నాన్న. ఇస్తే మళ్ళీ తిరిగి ఇవ్వదని."

"అసలు చూడనే లేదా అమ్మ?"

"తీసుకెళ్ళేరోజు చూసింది. బట్టలో చుట్టి గుమ్మం దాటిస్తుంటే పాదాలు రెండూ బయటికొచ్చాయి. అవే చూసింది. ఆ తర్వాత ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు."

గేటు చేతికందిన దిండుగలీబు తీసి మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

"సాక్షిగా నీ పేరు రాయనా?"

"రాయి. ఈ వయసులో నన్నెవరేం చేస్తారు?"

"ఇంకొకళ్ళు కావాలి పిన్నీ."

"ఇంకెక్కడున్నారే? అందరూ పోయారు."

ఆమె మెట్లు దిగి బస్టాపులో బెంచీమీద కూర్చుంది. చెప్పుల ముచ్చట చదివి రెండు వందల మంది నవ్వారు. తనే నవ్వించింది. షాపులో చిన్న స్టూలుమీద అమ్మ, ఎడమ అరచేతిలో ఆ పెద్ద జత, అడుగుమీద బొటనవేలితో మెల్లిగా నిమరడం. ధర ఒక్కసారీ అడగలేదు. పక్కన కొత్త చెప్పులతో గెంతుతున్న తనకు అది బేరంలాగే కనిపించింది. ఆమెకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చున్న పెద్దాయన మర్యాదగా రోడ్డువైపు చూడసాగాడు.

ఆమె ఫోనులో వృక్షం తెరిచి మొదటి సాక్షి గడిలో పిన్ని మాటలు పిన్ని చెప్పినట్టే ఎక్కించింది. రెండో గడిలో ఇలా రాసింది: "నాకు చెప్పులు కొన్న ప్రతిసారీ మా అమ్మ, నాకంటే నాలుగేళ్ళు పెద్ద పిల్లకు పట్టే జతను అడిగి చేతుల్లోకి తీసుకునేది. పదేళ్ళు పక్కనే ఉండి చూశాను."

తర్వాత పైకి వెళ్ళి, తన పేరు పక్కన తొమ్మిదేళ్ళుగా ఉన్న 'ఒక్కగానొక్క' అన్న మాట చెరిపేసింది.

బస్సు వచ్చింది. పెద్దాయన ఎక్కాడు, ఆమె ఎక్కలేదు. వరస రాయాల్సిన గడి ఇంకా ఖాళీగా ఉంది, అది లేనిదే సాక్ష్యం చెల్లదు. ఆమె అందులో 'చెల్లెలు' అని రాసి ఉత్తరాన్ని లోపలికి వదిలింది.