ఒళ్లో స్టీరింగ్

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కితే, పక్క సీటాయన ఒళ్లో జీపు స్టీరింగ్ పెట్టుకొని కూర్చున్నాడు. నా చూపు గమనించి ఆయనే చెప్పాడు.

"బండి ఈడ షెడ్లో ఉందన్నా. నేను లేనప్పుడు ఎవురూ తోలకూడదని దీన్ని పీక్కొచ్చినా."

జీపు ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయించాడట. తనిఖీలో రవాణా అధికారులు పట్టుకొని, అవన్నీ తీయించాకే బండి రోడ్డెక్కాలన్నారట. నాకు లోపల సంతోషమే వేసింది. అలాంటి జీపులు మా వీధిలో పిల్లల మీదికొచ్చినట్టే దూసుకుపోతుంటాయి.

"రూలు మంచిదే కదప్పా," అన్నాను.

"మంచిదేలే. కంపెనీ ఇచ్చినట్లే ఉండాలంట. అట్లున్నప్పుడు అది మా ఊరిదాకా రానేలేదన్నా. రుద్రవరం దాటినాక అడివిలో వాగుంది. కాన్పు మనిషినైనా ఆ జీపులోనే దాటిస్తాం."

"మరి ఇప్పుడేం చేస్తావు?"

"అదే తెలీకుండా పోతాండా."

మలుపు వచ్చింది. ఆయన చేతులు ఒళ్లోని స్టీరింగ్‌ను బస్సుతో పాటే తిప్పాయి. ఆ సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు.

ఆళ్లగడ్డలో దిగబోతూ అడిగాడు.

"చిన్న టైర్లతో వాగు దాటుతాదంటావా?"

నాకేం తెలుసు? అయినా తల ఊపాను. ఔనన్నానో కాదన్నానో నాకే తెలియలేదు.

ఇప్పుడు మా వీధిలో జీపుల రొద తగ్గింది. రూలు మంచిదేనని నేను ఇప్పటికీ అందరితో వాదిస్తాను. వాదన మధ్యలో వాన మొదలైతే మాత్రం, ఎన్నడూ చూడని ఆ వాగు గుర్తొచ్చి మాట ఆగిపోతుంది.